ఊపిరద్దం

ఆ రోజుల్లో చిలకలూరిపేటలో తెల్లారగానే జనమంతా వీధి గుమ్మాల దగ్గర నిలబడి హా అని ఊదేవాళ్ళు. పళ్ళు తోముకోవడం ఎట్టాగో ఇదీ అట్టాగే. పొయ్యి మీద కాఫీ నీళ్ళు పడేసి వచ్చి ఊదేవాళ్ళు కొందరు, బడికి పోయే పిల్లల్ని చెవి పట్టుకుని తెచ్చి ఊదించేవాళ్ళు కొందరు. గుమ్మం పక్కన గోడకు అన్నం కంచమంత గుండ్రటి అద్దం ఉండేది. అందులో మొహం కనపడదు. ఊదిన ఊపిరి దాని మీద మంచులా పట్టేది, ఆ మంచుకు రంగు వచ్చేది. కుంకుమరంగు వస్తే ఊపిరితిత్తుల్లో వాపు ఉందని లెక్క. పసుపు వస్తే జాగ్రత్తపడమని. లేతాకు పచ్చ వస్తే నిశ్చింతగా పనికి పొమ్మని. అద్దంలో ఏ రంగు వస్తే గుమ్మం పైనున్న చిన్న దీపమూ అదే రంగున వెలిగేది. వీధమ్మట నడిచిపోయే ఆరోగ్య కార్యకర్తకు ఏ ఇంటి ముందు ఆగాలో దూరాన్నుంచే తెలియాలని ఆ ఏర్పాటు.

శాస్త్రం పుస్తకాల్లో దాని పేరు ఊపిరద్దం. కంపెనీ వాళ్ళు పెట్టుకున్న పేరు బ్రెత్ మిర్రర్. ఊళ్ళో జనం మాత్రం అద్దపవ్వ అనేవాళ్ళు, అది ముసలమ్మ గొంతుతో మాట్లాడేది కాబట్టి.

ఇంత హంగామా ఎందుకొచ్చిందంటే, పత్తి వల్ల. నిజం తుమ్మెదలు సన్నగిల్లిపోయాక చేలల్లోకి మర తుమ్మెదలు వచ్చాయి. బియ్యపుగింజంత యంత్రాలు, రెక్కలతో సహా. శ్రావణంలో పత్తి పూత పట్టగానే అవి గుంపులుగా లేచి పువ్వు పువ్వుకూ తిరిగి పుప్పొడి చల్లేవి. పంట విరగకాసింది, కాదనేదేముంది. కానీ మరకు మనిషి ముక్కు సంగతి ఏం తెలుసు? మిగిలిన పుప్పొడంతా పిండి జల్లెడ పట్టినట్టు ఊరి మీద రాలేది. ఇంటికొకరికి ఆయాసం పట్టుకుంది.

డాక్టర్లు రెండు రకాల ఇన్‌హేలర్లు ఇచ్చేవాళ్ళు. నీలంది ఊరట పీల్పు. ఆయాసం వచ్చినప్పుడు పీలిస్తే గాలిగొట్టాలు తెరుచుకుని క్షణాల్లో ప్రాణం లేచొస్తుంది. గోధుమరంగుది కాపు పీల్పు. దాన్ని పీల్చిన పూట ఏమీ తెలియదు. అది లోపలి వాపును మెల్లమెల్లగా ఆర్పుతూ, ఆయాసం అసలు రాకుండా కాపు కాస్తుంది. అందుకని బాగున్న రోజున కూడా పీల్చాలి. చిక్కంతా అక్కడే. నీలం గొట్టాన్ని జనం తాయెత్తులా వెంట తిప్పుకునేవాళ్ళు. గోధుమరంగు గొట్టాన్ని మాత్రం దగ్గు తగ్గగానే సొరుగులో పడేసేవాళ్ళు.

ఈ అద్దం చేసిన మౌలాబీ వాళ్ళ నాన్నా అదే చేశాడు. తాతముత్తాతలు దూది ఏకి, ఆనక సన్నాయి పట్టిన దూదేకుల ఇల్లు వాళ్ళది. నాన్న సన్నాయి లేకుండా ఆ చుట్టుపక్కల పెళ్ళి జరిగేది కాదు. ఒక శ్రావణంలో, నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న మనిషి, ఒక్క పూటలో ఊపిరందక పోయాడు. తర్వాత బట్టల పెట్టె సర్దుతుంటే మూత కూడా తియ్యని గోధుమరంగు గొట్టాలు చీరల మడతల్లోంచి దొర్లిపడ్డాయి. మౌలాబీ అప్పటికి ఇంకా చదువుకుంటోంది. ఆ గొట్టాలను చూసి ఏడవలేదంట. చాలాసేపు ఒక్కొక్కదాన్నీ చేతిలో తిప్పుతూ కూర్చుందంట.

గుంటూరు పరిశోధనాలయంలో చేరి ఆమె ఊపిరద్దం తయారుచేసింది. ఊపిరితిత్తుల్లో వాపు ఉంటే, ఆయాసం కనపడకపోయినా, వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పెరుగుతుంది. ఆ జాడను పసిగట్టే పలచటి పొరను అద్దానికి పూసింది. ఒంట్లో తెలియని జబ్బును కంటికి చూపిస్తే ఇక మనిషి మందు మానడని ఆమె నమ్మకం. మొదట దానికి డాక్టరు గొంతు పెట్టి చూశారు, ఎవరూ లెక్కచెయ్యలేదు. ముసలమ్మ గొంతు పెట్టి, "ఏం నాయనా, పొద్దున మందు పీల్చావా, ఎగ్గొట్టావా?" అని అడిగించాక దారికొచ్చారు.

ఆ పొరతో ఒక పేచీ ఉంది. మిరపకాయల గోడౌన్లో పనిచేసేవాళ్ళకు కొన్నాళ్ళకు ఘాటు తెలియకుండా పోయినట్టే, ఒకే ఇంటి ఊపిరి రోజూ తగిలి తగిలి పొర మొద్దుబారుతుంది. అందుకని ప్రతి అద్దంతోనూ చిన్న గొట్టం ఒకటి ఇచ్చేవాళ్ళు. అందులో తూకపు గాలి ఉంటుంది. త్రాసుకు తూకపురాయి ఎట్టాగో అద్దానికి అది అట్టా. శుక్రవారం శుక్రవారం దాన్ని ఒకసారి అద్దం మీద నొక్కితే పొరకు వాపు వాసన ఏదో మళ్ళీ గుర్తొచ్చేది.

మౌలాబీ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు కాలేషా, మరదలు గౌసియాతో కలిసి నాన్న కట్టిన ఇంట్లోనే ఉండేది. తన చేత్తో చేసిన మొట్టమొదటి అద్దం ఆ ఇంటి గుమ్మానికే ఉంది. కాలేషాది సన్నాయి. గౌసియాది డోలు. ఆడపిల్ల డోలు వాయించడమేంటని ఆ కాలానికి ఎవరూ అడగడం లేదు. అడిగినా ఆమె నోటికి జడిసి ఊరుకునేవాళ్ళు.

ఉగాది వెళ్ళిన కొత్తల్లో ఒక పొద్దున కాలేషా అద్దం మీద ఊదాడు. పచ్చ వచ్చింది.

"అక్కా, ఇట్టా రా ఒకసారి. ఏ రంగది?"

"పచ్చ. సంతోషం. మందు పీల్చి పుక్కిలించు," అంది మౌలాబీ, ఆఫీసు సంచీ సర్దుకుంటూ.

"పుష్యమాసం నుంచి పచ్చే. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. ఇంకా ఎందుకే ఈ మందు?"

"మందు పీలుస్తున్నావు కాబట్టి పచ్చ వస్తోందిరా."

"జబ్బు ఉంటే జబ్బుందంటావు, పొయ్యిందంటే మందు వల్లంటావు. ఇక నేను మానేదెప్పుడు? సచ్చినాకా?"

"పొద్దున్నే ఆ మాటలేంది?" వంటింట్లోంచి గౌసియా కేకేసింది. "డోలుకు వార్లు బిగించి ఉన్నంతసేపే మోత. మోగుతోంది కదా అని వార్లు ఊడదీస్తే ఏమయిద్దో తెలియదా నీకు?"

"నీ డోలు నోట్లో పెట్టుకుని వాయిస్తావంటే చెప్పు, అప్పుడు తెలుస్తుంది నా బాధ." కాలేషా నాలుక బయటపెట్టి చూపించాడు. "ఆ మందు పీల్చినాక నాలిక మీద పిండి పూసినట్టుంటది. పీక సరిగ్గా తడవదు. గొంతు బొంగురు. పోయినసారి ఆరోహణలో పైస్థాయికి పోయేసరికి పీక కీచుమంది. పెళ్ళికూతురు తమ్ముడు నవ్వాడు."

పీక అంటే సన్నాయికి తగిలించి నోట్లో పెట్టుకునే రెల్లు రేకు. అది తడవకపోతే సన్నాయి పలకదు. కాలేషా బాధలో అబద్ధం లేదు. మౌలాబీకీ అది తెలుసు.

"మందు పీల్చినాక పుక్కిలించి ఉమ్మెయ్యమని ఎన్నిసార్లు చెప్పా?"

"సరే, నీకు నమ్మకం లేకపోతే చెంబు పెట్టు," అన్నాడు అతను.

ఆ ఇంట్లో అదొక ఆచారం. సన్నాయి నేర్చుకునే పిల్లలకు పెద్దవాళ్ళు పెట్టే పరీక్ష. కుళాయి సన్నటి ధారగా తిప్పి కింద రాగి చెంబు పెడతారు. చెంబు నిండి పొర్లేదాకా ఒక్క ఊపిరితో షడ్జం నిలబెట్టాలి. అది చేసినవాడికి ఊపిరి గట్టిదని, ఏ జబ్బూ లేదని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. నాన్న కూడా డాక్టరు మాట కంటే చెంబునే నమ్మేవాడు.

కాలేషా పెరట్లో నిలబడి సన్నాయి ఎత్తాడు. స్వరం తాడు లాగినట్టు వచ్చింది, వణుకు లేదు. చెంబు నిండింది, పొర్లింది, నీళ్ళు కరివేపాకు మొక్క దాకా పారాయి. అతను ఇంకా ఊదుతూనే ఉన్నాడు.

"ఆపవయ్యా, నీళ్ళన్నీ పోతన్నాయి!" అని గౌసియా కుళాయి కట్టేసింది.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. పిల్లలు ఊదేటప్పుడు బుగ్గలు ఉబ్బనివ్వరు పెద్దవాళ్ళు. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలో వాయించినవాడికి మాత్రం బుగ్గల్లో గాలి దాచుకుని, దాన్ని వదులుతూనే ముక్కుతో దొంగ ఊపిరి తీసుకోవడం అలవాటైపోతుంది. తీసుకుంటున్నట్టు తనకే తెలియదు. ఆ పొద్దున కాలేషా ఛాతీ ఎంత పలికిందో, బుగ్గలు ఎంత కప్పిపుచ్చాయో చూసినవాళ్ళెవరూ లేరు.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు నోరు తుడుచుకుంటూ. "అయినా నా మాట ఎందుకు, చెంబు మాట ఎందుకు. మనిషి తన ఒంటి సంగతి తను చెప్పలేడు, అద్దాన్ని నమ్మండని ఊరూరా తిరిగి చెప్పింది నువ్వేగా? నేనూ దాన్నే నమ్ముతా. మందు మానేస్తా. పసుపు వచ్చిన రోజున, కుంకుమ దాకా అక్కర్లేదు, పసుపు వచ్చినా సరే, మారు మాట్లాడకుండా మళ్ళీ మొదలుపెడతా. ఒట్టు."

మౌలాబీ అద్దం చేసిందే ఈ పేచీ తీర్చడానికి. తన అద్దాన్నే నమ్ముతానని తమ్ముడు అంటుంటే వద్దని ఏ నోటితో చెబుతుంది?

గుంటూరులో వాగ్దేవితో ఈ మాట కదిపింది. వాగ్దేవి ఊపిరితిత్తుల డాక్టరు, అదే పరిశోధనాలయంలో ఆసుపత్రి పని చూసేది. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినే స్నేహితులు.

"ఒక్కసారిగా మానకూడదు మౌలా," అంది వాగ్దేవి. "తగ్గించగూడదని కాదు. మెట్టు మెట్టుగా దిగాలి. ముందు నేను చూడాలి, ఊదించాలి, వినాలి. ఆనక కొంచెం తగ్గించి మళ్ళీ చూడాలి. ఒకసారి తీసుకురా."

"వాడు రాడు. డాక్టరు దగ్గరకెళితే జబ్బున్నట్టు అయిద్దంట."

"మరి నువ్వు సరేనన్నావా?"

"రోజూ అద్దం మీద ఊదుతున్నాడు కదా. వాపు మొదలైతే ఆయాసం రాకముందే తెలిసిపోతుంది. అంతకంటే ఏం కావాలి?"

వాగ్దేవి గోంగూర పచ్చడి కలుపుకుంది. "నీ అద్దం గొప్పదే. నాకు మాత్రం వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటేగాని మనసొప్పదు. పాతకాలం దాన్ననుకో," అంది.

కాలేషా మందు మానేశాడు. చైత్రం వెళ్ళింది, వైశాఖం వెళ్ళింది. రోజూ ఊదాడు, రోజూ పచ్చే. మొదట్లో మౌలాబీ తనే ముందు లేచి గుమ్మం దగ్గర కాచుకుని ఉండేది. పసుపు వస్తుందేమోనని ఆమె భయం. రాను రాను భయం తగ్గి, ఆశ్చర్యం మొదలైంది. ఆషాఢం వచ్చేసరికి ఆశ్చర్యం పోయి సంబరం వచ్చింది. కొందరికి కాపు మందు కొన్నేళ్ళు వాడాక వాపు పూర్తిగా ఆరిపోతుందేమో! అట్టాంటివాళ్ళను అద్దమే ఏరి చూపిస్తుందేమో! అదే నిజమైతే ఎంతమంది పిండి నాలుకల బాధ తప్పుతుంది! దసరాకు గుంటూరులో జరిగే డాక్టర్ల సభలో ఈ మాట చెప్పాలనుకుంది. తమ్ముడి పేరు చెప్పకుండా "ఒక సన్నాయి విద్వాంసుడు" అని మొదలుపెట్టాలని కూడా అనుకుంది.

"నా పేరే చెప్పు వదినా," అంది గౌసియా. "మందు పీల్చవయ్యా పీల్చవయ్యా అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇప్పుడు హాయిగా ఉంది."

శ్రావణం వచ్చింది. పత్తి పూసింది. మర తుమ్మెదలు లేచాయి. మొదటి శుక్రవారానికే అరుగుల మీద వేలితో గీత గీస్తే కనపడేంత పుప్పొడి. కాలేషా రాత్రుళ్ళు కొంచెం దగ్గుతున్నాడు. "తలస్నానం చేశా, తడి ఆరలా," అన్నాడు. అద్దం పచ్చే చూపించింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఆదివారం పొద్దున పెళ్ళి మేళానికి ముగ్గురూ బయల్దేరారు. పెళ్ళివారు తెలిసినవాళ్ళు, మౌలాబీని కూడా పిలిచారు. వీధి దాటుతూ ఆమె రెండు వైపులా చూసింది. ప్రతి గుమ్మం మీదా పచ్చ దీపం. ఇంత పుప్పొడి రాలుతున్నా ఒక్క కుంకుమ దీపం లేదు. తన కష్టం పండిందనిపించి లోపల్లోపల పొంగిపోయింది.

పెళ్ళిలో గట్టిమేళం సంగతి తెలియనివాళ్ళుండరు. తాళి కట్టే క్షణాన తుమ్మో దగ్గో చెవిన పడకూడదని పురోహితుడు సైగ చెయ్యగానే డోలూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడాలి. మూడు ముళ్ళూ పడి, అక్షింతలు రాలేదాకా మేళం తెగకూడదు. తెగితే వాయించినవాడికి ఆ ఊళ్ళో మళ్ళీ పిలుపు ఉండదు. కాలేషా మేళం అప్పటిదాకా ఎన్నడూ తెగలేదు.

"గట్టిమేళం!" అన్నాడు పురోహితుడు.

సన్నాయి లేచింది. మొదటి ముడి పడింది. రెండో ముడి దగ్గర కాలేషా బుగ్గల్లో దాచుకున్న గాలి అయిపోయింది. ఛాతీలోంచి తీద్దామంటే అక్కడ ఏమీ లేదు. సన్నాయి కీచుమని ఆగింది. ఏ దగ్గు వినపడకూడదని మేళం పెట్టారో, ఆ దగ్గు మేళగాడి నోట్లోంచే వచ్చింది.

గౌసియా మొగుడి వంక చూసింది. చూసిన కళ్ళు తిప్పకుండానే డోలు మీద రెట్టింపు జోరు అందుకుంది. పందిరి దద్దరిల్లింది. మూడో ముడి ఆ మోతలోనే పడింది. పెళ్ళివాళ్ళు సగంమంది గమనించనే లేదు. అక్షింతలు రాలాక ఆమె డోలు పక్కన పడేసి పరుగెత్తింది. అప్పటికే మౌలాబీ తమ్ముణ్ణి ముందుకు వంచి కూర్చోబెట్టి, నీలం గొట్టం నోటికి పెట్టి నొక్కుతోంది. అతని పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చెమటతో జుబ్బా వీపుకు అంటుకుపోయింది.

"మెల్లగా, నాన్నా. ఇంకోటి పీల్చు. నా మొహం చూడు," అంటోంది మౌలాబీ. నాన్న పోయిన రోజున కూడా ఆమె చెప్పింది అవే మాటలు. అప్పుడు ఆయన చూడలేకపోయాడు. కాలేషా చూశాడు.

అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టుకుని గుంటూరు చేరేసరికి మనిషి కాస్త తేరుకున్నాడు. వాగ్దేవి వీపు మీద స్టెతస్కోపు పెట్టింది, కళ్ళు మూసుకుని విన్నది. మందులు ఎక్కించాక, అతను కూర్చోగలిగాక, ఆసుపత్రి అద్దం మీద ఊదించింది. ముదురు కుంకుమ వచ్చింది. దానికి పైన రంగు లేదు.

"ఇది ఇవ్వాళ మొదలైన వాపు కాదు," అంది వాగ్దేవి. "నెలల నుంచి రగులుతోంది. ఇంట్లో ఊదలేదా?"

"పొద్దున కూడా ఊదా డాక్టరమ్మా," అన్నాడు కాలేషా, గొంతు పూర్తిగా రాక. "పచ్చ."

వాగ్దేవి మౌలాబీ వంక చూసింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికి పంపించారు. ఒక్క పూటా మానకుండా పీల్చమని కాపు పీల్పు కొత్తది చేతికిచ్చారు. గుమ్మం ఎక్కుతూనే మౌలాబీ, "ఒక్కసారి ఊదరా," అంది. కాలేషా ఊదాడు. ఛాతీలో ఇంకా పిల్లికూతలు పక్కనున్నవాళ్ళకు వినపడుతూనే ఉన్నాయి.

అద్దం మీద లేతాకు పచ్చ వచ్చింది.

"బాగున్నావు నాయనా. చల్లగా ఉండు," అంది అద్దపవ్వ.

గౌసియా సంచీ కింద పెట్టి, "దీనికి కళ్ళు పోయినాయా?" అంది.

మౌలాబీ అద్దానికి ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. తన చేత్తో చేసిన అద్దం. "అవ్వా, నీ పొర మొద్దుబారిందా?"

"నాకేం తేడా తెలియడం లేదమ్మాయ్."

"తూకపు గాలి పీల్చి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు దాటింది."

"రెండేళ్ళా! శుక్రవారం శుక్రవారం అడగాలి కదా, ఎందుకు అడగలేదు?"

"అడిగాను. అడగొద్దన్నావు. ఆ మాట దాచిపెట్టుకున్నాను. వినిపించనా?"

మౌలాబీ వద్దనబోయింది. "వినిపించవ్వా," అన్నాడు కాలేషా.

అద్దంలోంచి మౌలాబీ గొంతే వచ్చింది. పొద్దున హడావుడిలో, నోట్లో జడపిన్ను పట్టుకుని మాట్లాడుతున్న గొంతు. "అబ్బబ్బ, ప్రతి శుక్రవారం ఇదే గోల! బాగానే పనిచేస్తున్నావు కదా, ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు కదా, ఇంకా ఎందుకే నీకా గాలి? చాల్లే అవ్వా, ఊరుకో."

కాలేషా నవ్వుతాడేమోనని మౌలాబీ తల దించుకుంది. అతను నవ్వలేదు. గోధుమరంగు గొట్టం మూత తీసి, ఒక్క పీల్పు పీల్చి, పుక్కిలించడానికి పెరట్లోకి పోయాడు.

గౌసియా లోపలికెళ్ళి, పాత గుడ్డల వెనక ఎక్కడో పడున్న చిన్న గొట్టం వెతికి తెచ్చింది. దాని మూత ఎప్పుడూ తీసినట్టు లేదు. దాన్ని చూడగానే మౌలాబీకి బట్టల పెట్టె గుర్తొచ్చింది. చీరల మడతలు గుర్తొచ్చాయి.

"ఇది పీల్చవ్వా," అంది, ఆ గొట్టం అందుకుని అద్దానికి దగ్గరగా పెట్టి.

"ఇప్పుడెందుకులే అమ్మాయ్," అంది అద్దపవ్వ. "నేను బాగానే ఉన్నాను."

మౌలాబీ నొక్కింది. అద్దం కాసేపు మసకబారింది. కాలేషాను మళ్ళీ పిలిచి ఊదించారు. ఈసారి మంచు ముదురు కుంకుమగా విచ్చుకుంది, గుమ్మం మీద దీపం కూడా ఎర్రబడింది.

"నాయనా, ఎప్పటినుంచి ఇట్టా ఉన్నావు?" అంది అద్దపవ్వ, గొంతు మారిపోయి.

"నీతో పాటేలే అవ్వా," అన్నాడు కాలేషా.

మౌలాబీ లేచి నిలబడింది. అప్పుడు ఆమెకు ఇంకోటి తట్టింది. తన ఇంట్లో "చాల్లే అవ్వా" అన్న మాట బాగా పనికొచ్చిందని, జనానికి విసుగు తగ్గుతుందని, ఆ మాట వినపడితే ఇక గాలి అడగొద్దని తనే అన్ని అద్దాలకూ నేర్పించింది.

"అవ్వా, ఊళ్ళో అద్దాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కదా. ఇంకా శుక్రవారం గాలి అడుగుతున్నవి ఎన్ని?"

అద్దం కాసేపు ఆలకించింది. "ఏ ఇంటినుంచీ వినపడటం లేదమ్మాయ్. అందరూ బాగానే ఉన్నారు."

మౌలాబీ వీధిలోకొచ్చింది. ఈ చివరినుంచి ఆ చివరికి పచ్చ దీపాలు. గాలిలో పుప్పొడి ఎండకు మెరుస్తూ రాలుతోంది. కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళు కూరల బండి దగ్గర బేరమాడుతున్నారు. ఎక్కడో ఒక పిల్లాడు ఆగకుండా దగ్గుతున్నాడు.

ఎదురింటి అరుగు మీద సాంబ్రాజ్యం పిన్ని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ కూర్చుంది. పాత పేర్లు మళ్ళీ మోజుపడి పెట్టుకున్న కాలంలో పుట్టిన మనిషి. మౌలాబీ గొట్టం పట్టుకుని అటు నడిచింది.

"పిన్నీ, మీ అద్దానికి ఈ గాలి ఒకసారి కొట్టిపోతాను."

"ఎందుకే పిల్లా శ్రమ? మా అవ్వకేం, దివ్యంగా ఉంది. రోజూ పచ్చే," అంది సాంబ్రాజ్యం. అని, అటు తిరిగి గొంతు సవరించుకుంది. ఆ సవరింపు చిన్న దగ్గు దాకా పోయింది.

మౌలాబీ ఆ గుమ్మం మీది పచ్చ దీపం వంక చూసింది. ఈ వాదన మనుషుల మధ్య ఇక ఉండకూడదనే కదా అద్దం చేసింది.

వెనకనుంచి కాలేషా వచ్చాడు, మెల్లగా, గౌసియా భుజం పట్టుకుని. "పిన్నీ, నిన్న పెళ్ళిలో నా మేళం తెగిన సంగతి విన్నావా?"

"నీ మేళమా! తెగిందా!" చిక్కుళ్ళ చేట పక్కకు జరిగింది. "అయ్యయ్యో, ఇట్టా వచ్చి కూర్చో. మొదట్నుంచీ చెప్పు."

అతను చెప్పాడు. చెంబు సంగతి, బుగ్గల్లో గాలి అయిపోయిన సంగతి, పచ్చ సంగతి అన్నీ చెప్పాడు. మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగినప్పుడు గౌసియా అందుకుంది. సాంబ్రాజ్యం అటూ ఇటూ చూస్తూ వింటున్నంతలో మౌలాబీ ఆమెను దాటుకుని పోయి అద్దం మీద గొట్టం నొక్కింది. "ఏదీ, నా మాట కోసం ఒక్కసారి ఊదు పిన్నీ."

సాంబ్రాజ్యం లేచి, చీర దులుపుకుని, ఇంతమంది చూస్తున్నారు కదా అని కాస్త గట్టిగానే ఊదింది. గుమ్మం మీద దీపం పచ్చ పోయి కుంకుమరంగున వెలిగింది.

ఆమె దీపాన్ని చూసింది, అద్దాన్ని చూసింది, ఆఖరుకు మౌలాబీ చేతిలోని గొట్టాన్ని చూసింది.

"ఇదేం పనే మౌలా! నువ్వా గాలి కొట్టేదాకా నేను బాగానే ఉన్నానుగా!"